కళ్లజోడు తీసే చరిత్ర మేడం

నేను లెక్చరర్‌గా ఉన్న తిరుపతి కాలేజీలో చరిత్ర చెప్పిన మేడం, ఏటేటా ప్రిన్సిపాల్ దయతలిస్తేనే కొలువు నిలిచే గెస్ట్ లెక్చరర్. మింగుడుపడని మాట విన్నప్పుడల్లా కళ్లజోడు తీసి, "అదెట్ల సార్?" అనేవారు.

బడుల్లో యూదుల మీది ద్వేషాన్ని నిర్వచించి అరికట్టే ఒక విదేశీ చట్టం మీద సెమినార్లో నేను గంటసేపు ఉపన్యాసం దంచాను. చివర్లో, క్రమశిక్షణకు పేరుపడ్డ మా ప్రిన్సిపాల్‌ని "మన హిట్లర్" అని పొగిడాను. ఆయన మురిసిపోయారు.

మేడం కళ్లజోడు తీశారు. "అదెట్ల సార్? యూదుల్ని చంపించినోడి పేరు ఈడ బిరుదా?"

"తమాషాకన్నాలే మేడం."

"ఆ చట్టం తెచ్చింది కూడా అట్లాంటి తమాషాల్ని ఆపేదానికే కదా సార్!"

జూన్‌లో స్టాఫ్ మీటింగ్‌లో ఆవిడ కొలువు పొడిగింపు చర్చకొచ్చింది. "ఆమెకు ప్రశ్నలెక్కువప్పా, వద్దు" అన్నారు ప్రిన్సిపాల్. ద్వేషాన్ని చదువుల నుంచి తరిమేయాలని గొంతు చించుకున్న నేను, అందరికంటే ముందు తలూపాను.