వెల్డింగ్ వెలుగు తిన్న కన్ను

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు నాది. ముప్పై ఏళ్లు నేనే వెల్డింగ్ చేశాను. ముక్క కదలకుండా అక్కడక్కడా చుక్క అంటించే ట్యాకింగ్‌కి కూడా హెల్మెట్ పెట్టుకోవడమంటే నాకు మహా నామోషీ. ఎడమకన్ను మూసి, కుడికన్ను చికిలించి అంటించేయడమే నా ఘనమైన విద్య. కళ్లలో ఇసుక పోసినట్టుంటే బంగాళాదుంప చక్రాలు పెట్టుకునేవాణ్ణి. పొద్దున్నకి తగ్గిపోయేది.

కంకిపాడు నుంచి వచ్చే మా ఫిట్టరు చేరిన కొత్తలో బుద్ధిగా హెల్మెట్ పెట్టుకున్నాడు. "ముసుగేంటయ్యా, పెళ్లిచూపులకొచ్చావా?" అన్నాను. షెడ్డంతా నవ్వింది. పాపం, అతనూ నవ్వి హెల్మెట్ తీసి మేకుకి తగిలించాడు.

పోయినేడాది ఒక లారీకి అతను కట్టిన వెనక తలుపు చూసి, నడుమ వంకరొచ్చిందని నానా తిట్లూ తిట్టాను. అతను దారం పట్టి చూపించినా నేను వినలేదు. రెండుసార్లు కోయించి మళ్లీ అతికించాను. మూడోసారి అతను కటింగ్ మిషను కింద పెట్టేశాడు.

"భాయ్, ఒక్కసారి కుడికన్ను మూసి చూడండి."

మూశాను. తలుపు బాణంలా ఉంది. మూడు రోజులు నోరు పారేసుకున్నది నా కంటి వంకర మీదన్నమాట!

పటమటలో కంటి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "ఆ వెలుగులో నీలికాంతి ఎక్కువండీ. కంటి వెనక రెటీనా అనే పొరకి ఆక్సిజన్ బాగా అందుతుంటుంది. వెలుగు మితిమీరితే ఆ ఆక్సిజనే తిరగబడి కణాల్ని పాడుచేస్తుంది. బాగుచేసుకునే శక్తి కంటికుంది కానీ, రోజూ దెబ్బ పడితే తట్టుకోలేదు. ఇనుము తుప్పు పట్టినట్టనుకోండి."

"తుప్పయితే గీకి రెడాక్సైడ్ రంగు కొట్టేయొచ్చుగా మేడమ్?"

ఆవిడ నవ్వలేదు. "పోయింది తిరిగిరాదండీ. ఉన్నది కాపాడుకోండి."

"మరి బంగాళాదుంపతో తగ్గేదే?"

"అది పైపొర మంట. పైపొర మానుతుంది. వెనక పొర పాడైనా నొప్పి తెలీదు."

బయటికొచ్చి ఆటో ఎక్కాక మా ఫిట్టరు గుర్తొచ్చాడు. నా కన్ను సంగతి సరే, చేజేతులా చేసుకున్నాను. అతనికి నలభై కూడా లేవు, ఇద్దరు పిల్లలు. నా వెకిలి మాటకి సిగ్గుపడి పదకొండేళ్లుగా వట్టి కళ్లతో అంటిస్తున్నాడు. యా అల్లా, అతని కళ్లు కూడా తినేశానా!

నేరుగా షెడ్డుకెళ్లి అతన్ని ఆ తలుపు ముందు నిలబెట్టాను. ఒక కన్ను మూసి చూడమన్నాను.

"సాఫుగానే ఉంది భాయ్."

రెండోది మూయించాను. అదే మాట. నమ్మబుద్ధి కాక మళ్లీ మొదట్నుంచీ చూడమన్నాను. విసుక్కున్నాడు.

"ఏంటండీ ఇది? మీ కోసం వంకరుందని చెప్పమంటారా?"

"వద్దయ్యా, చెప్పకు," అన్నాను. అందరి ముందూ ఏడుపొచ్చేసింది.