సున్నా చూపిన ముల్లు

నాకు పని నేర్పిన మేస్త్రి పోయారన్న కబురు అందినప్పుడు నేను గోవాలో ఒక పడవ ఇంజను గదిలో బోర్లా పడుకుని తీగలు వెతుకుతున్నాను. ఫోన్ చేసింది వదిన, అంటే ఆయన భార్య. "మీ అన్న పోయినాడప్పా. పొద్దున టీ తాగి కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు" అంది. రైలెక్కి, రెండు బస్సులు మారి కళ్యాణదుర్గం చేరేసరికి అన్నీ అయిపోయాయి. చివరిచూపు దక్కలేదు. చూసే వీలున్న రెండేళ్లూ నేను పోలేదు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది అందుకే.

బస్టాండు వెనక వీధిలో ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. ట్రాక్టర్లకూ లారీలకూ మీటర్లు బాగుచేసేవారు. ఐటీఐ చదివి పనిలేక తిరుగుతున్న నన్ను చేర్చుకుని తొమ్మిదేళ్లు దగ్గర పెట్టుకున్నారు. బండి రాగానే స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఊరుకునేవారు కాదు. గోడకు వేలాడే కానుగ కట్టె తీసి ముందు ట్యాంకులో ముంచమనేవారు. "ముల్లు సెప్పేది పుకారు. కట్టె సెప్పేది సాక్ష్యం" అనేవారు. తీగల జోలికి ఆ తర్వాతే. ట్యాంకు నుంచి మీటరుకొచ్చే తీగను ఊడదీసి, దాని కొసకు బదులు ఇంకో తీగతో మీటరును బండి ఇనుముకు కలిపేవారు. ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు పోయిందంటే మీటరు మంచిదే, రోగం ట్యాంకులోనో తీగలోనో ఉన్నట్టు. ముళ్లన్నీ ఒకేసారి ఎగిరెగిరి పడుతుంటే నేను ఒక్కో మీటరూ విప్పుతూ కూర్చునేవాణ్ణి. "ఇంట్లో అందరికీ ఒకేతూరి జరమొస్తే బావిని సూడల్ల, మనుషుల్ని కాదు" అని నన్ను మీటర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఎర్తు తీగ దగ్గరికి తోసేవారు.

పని మాటలు తప్ప వేరే మాటల్లో ఆయన మహా పిసినారి. టీ మాత్రం సగం సాసర్లో పోసుకుని, గ్లాసులో మిగిలిన సగం నా వైపు జరిపేవారు. అదే ఆయన పలకరింపని నాకు అప్పట్లో తట్టలేదు.

గోవాలో పడవలకు కరెంటు పని చేయడానికి పోతానని చెప్పిన రోజు ఆయన తల ఎత్తలేదు. విప్పిన మీటరులోకే చూస్తూ "పో" అన్నారు. తొమ్మిదేళ్లకు ఒక్క అక్షరమా అని నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆరు నెలలు ఫోన్ చేయలేదు.

అక్కడ నాకు మొదట అప్పగించిన పెద్ద పని ఒక ముసలి పడవ. ఎవరో కలిగినవాళ్లు షికారు కోసం ఎప్పుడో కట్టించుకున్నది. దాని మీటర్లకు మతి చలించింది. దీపాలు వేస్తే చాలు, ఇంజను కాలిపోతున్నట్టు వేడి ముల్లు లేచేది. పడవ ఒడ్డుకు దూరంగా లంగరు వేసి ఉండటంతో రాత్రీ పగలూ అందులోనే ఉన్నాను. చుట్టూ నీళ్లే, మాట్లాడటానికి నరమానవుడు లేడు. తాగునీటి ట్యాంకు ముల్లు సున్నా మీద ఉంది. చూశాను, నమ్మాను. ఒడ్డు నుంచి తెచ్చుకున్న రెండు క్యాన్లతో నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. చెంబుడు నీళ్లతో ఒళ్లు తుడుచుకున్నాను. నీళ్ల కరువున్న మా బెళుగుప్ప పల్లెల్లో పుట్టినవాడికి అదొక లెక్కా?

ఐదో రోజు, మీటర్ల చిక్కు వీడక, పౌరుషం చంపుకుని ఆయనకు ఫోన్ చేశాను.

"ఎట్లుండావప్పా?" అన్నారు, నిన్ననే మాట్లాడినట్టు. సంగతంతా విన్నారు. "దీపాలేస్తే ముల్లు లేస్తాదంటే ఎర్తే. తీగలన్నీ కలిసే బోల్టు సూడు. ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టుంటాది. గీకి బిగించు." ఆ తర్వాత, "నీళ్లకేం చేస్తాండావు ఆడ?" అని అడిగారు. చెప్పాను.

"ట్యాంకులో కట్టె ఏసి సూసినావా?"

"లేదన్నా. సున్నా చూపిస్తాంటే ఇంకేం చూసేది?"

"నిండుగా చూపింటే ఏసి సూసుండువు."

ఫోన్ పెట్టేయకుండానే ట్యాంకు మూత విప్పి ఒక కట్టె దించాను. మూతి దాకా నీళ్లు. ఆ మాట చెప్పగానే ఆయన నవ్వారు. అంతసేపు నవ్వడం నేనెప్పుడూ వినలేదు. నవ్వు ఆగాక, "మనోళ్లంతేలేప్పా. ఉండాదంటే నమ్మరు. లేదంటే సాక్ష్యం అడగరు" అన్నారు.

బోల్టు గీకి బిగించాక మిగతా ముళ్లన్నీ కుదురుకున్నాయి. నీళ్ల మీటరు మాత్రం నిజంగానే చచ్చిపోయింది. పారేయొద్దు, ట్యాంకులోని ఫ్లోటుతో సహా పంపమన్నారు. పంపాను. అందిందని కబురు రాలేదు. మళ్లీ అదే మౌనం. ఆయన మనసులో నాకు చోటు లేదని తేల్చుకున్నాను. సాయంత్రాలు పడవ అంచున ఒక్కణ్ణే కూర్చుని ఆయన నంబరు తీసి, చూసి, ఫోన్ జేబులో పెట్టుకునేవాణ్ణి. రెండేళ్లు అట్లాగే గడిచాయి.

మొన్న వదిన షెడ్డు తాళం తీస్తూ చెప్పింది. "దినామూ అన్నం తినేటప్పుడు ఫోను ఎదురుగా పెట్టుకుంటాండె, నువ్వు చేస్తావేమోనని. నువ్వే సెయ్యకూడదా అంటే, వాడు నీళ్ల మీద పనిలో ఉంటాడు, ఫోను మోగితే సెయ్యి జారుతాది అంటాండె."

నాకు ఏడుపు ఆగలేదు. కట్టె వేసి చూడని తప్పు రెండోసారీ చేశాను. ఈసారి అడిగి చెప్పించుకోవడానికి ఆయన లేరు.

బల్ల మీద నేను పంపిన పడవ మీటరు ఉంది. బాగుచేశారు. బ్యాటరీకి తగిలించి ఉంది. పక్కన నిండు బకెట్టులో దాని ఫ్లోటు తేలుతోంది. ముల్లు నిండుగా చూపిస్తోంది. నేను బ్యాటరీ తీగ తీసేశాను. మన ట్రాక్టరు మీటర్లయితే కరెంటు తీయగానే ముల్లు సున్నాకు పడిపోతుంది. ఆ పడవ మీటరు రకం వేరు. కరెంటు పోయినా, ఆఖరున ఎక్కడుందో ముల్లు అక్కడే ఆగిపోతుంది. ఆయన వదిలిన చోటే, నిండుగా, నిలబడి ఉంది.

కట్టె గోడకే వేలాడుతోంది. సాక్ష్యం కోసం దాన్ని నేను తీయలేదు.