బోటి కట్టమ్మ ఈగన్ అయిన వైనం

కేసముద్రంలో కట్టమ్మలు ఎంతమంది ఉన్నా, బోటి కట్టమ్మ మాత్రం ఒక్కతే. మార్కెట్ యార్డు వెనక, కల్లు మండువ పక్కన రేకుల పందిరి వేసుకొని ఏళ్ల తరబడి మేక పేగుల బోటి, కార్జం, గడ్డకట్టిన నెత్తురు నల్ల వేయించి అమ్మేది. బస్తాలు మోసి వచ్చిన హమాలీలు, పత్తి అమ్ముకొని వచ్చిన రైతులు, ఏ పనీ చేయకుండానే వచ్చిన సదానందం, అందరూ సీసా పట్టుకొని ముందుగా ఆమె పెనం దగ్గరికే చేరేవాళ్లు. ఉప్పు చూసే పేరు మీద ఆమె పొద్దున ఒక గిన్నె, మాపటికి ఒక గిన్నె లాగించేది. నీసు లేని పూట ఆమెకు పస్తు కింద లెక్క. పప్పు అనేది జ్వరం వచ్చినవాళ్లకూ పంతుళ్లకూ దేవుడు వేసిన శిక్ష అని ఆమె గట్టి నమ్మకం.

అలాంటి ఇంటికి ఉమారాణి కోడలై వచ్చింది. భూపాలపల్లి పిల్ల. తండ్రి బొగ్గు బావిలో పనిచేసేవాడు. కట్టమ్మ కొడుకు రాజ్‌కుమార్ మానుకోటలో సెల్‌ఫోన్ల దుకాణంలో ఉంటూ ఆమెను ఇష్టపడి చేసుకున్నాడు. తల్లికి అన్నీ చెప్పాడు గానీ అసలు సంగతి ఒక్కటి మింగేశాడు. పెళ్లయిన మర్నాడు కట్టమ్మ ఎంతో మురిపెంగా తలకాయ కూర ముందు పెడితే, కోడలు గిన్నెను మెల్లగా పక్కకు జరిపింది.

"ఏంది బిడ్డా, ఇయ్యాల ఒక్కపొద్దా?"

"కాదత్తమ్మా. నేను వీగన్. నీసు తిన. గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి గూడ ముట్ట."

కట్టమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

మర్నాడు మండువలో ఆమె గోడు వెళ్లబోసుకుంది. "నా కోడలు ఈగన్ అంటనే! ఓరి దేవుడా, ఈగన్నా పాలల్ల పడ్తది. ఇది పాలే ముట్టది!" ఆ పూట నుంచి మండువలో ఉమారాణి పేరు 'ఈగ' అయింది.

ఎందుకీ రోగమని ఒకసారి నిలదీస్తే, ఉమారాణి దాచుకోకుండా చెప్పింది. "మా ఇంటి పక్కన బర్రె ఉండె అత్తమ్మా. దాని దూడ సచ్చిపోతే, తోలుల గడ్డి కుక్కి తల్లి ముందట నిలవెట్టిన్రు. అది ఆ తోలును నాకుకుంట పాలిచ్చింది. ఆ దినం సంది నాకు పాలు గొంతు దిగలె."

కట్టమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మ్యాకకు గట్ల గడ్డి కుక్కరు గదనే. కోస్తరు, అయిపోతది!" అని పెనం వైపు నడిచింది.

ఆ చలికాలంలోనే ఆమె కాలు విరిగింది. బోటి కడిగిన నీళ్లలో తనే జారి పడింది. "బోటి పగ వట్టిందక్కా" అన్నాడు సదానందం, ఆమెను ఆటోలోకి ఎక్కిస్తూ. ఆ బాధలో కూడా ఆమె వాడిని తిట్టిన తిట్లకు ఆటోడ్రైవర్ దారి తప్పాడు.

మానుకోట దవాఖానలో సిమెంట్ కట్టు వేసిన డాక్టర్, పనిలో పనిగా నెత్తురు కూడా పరీక్ష చేయించాడు. "నీ నెత్తురుల కొవ్వు తేలుతున్నదమ్మా. షుగర్ గూడ మస్తున్నది" అన్నాడు.

"నల్ల గట్లుంటెనే రుచి సారూ" అంది కట్టమ్మ.

డాక్టర్ నవ్వలేదు. నీసు బందు పెట్టమని చెప్పి, ఆమెను ఉమారాణికి అప్పగించాడు.

కొడుకు పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాడు. ఇక కోడలు ఏం వండితే అది తినాలి. మొదటి రోజు సొరకాయ ఉడకబెట్టి పెట్టింది. అందులో ఉప్పు తక్కువ, కారం లేదు, దయ అసలే లేదు. రెండో రోజు ఓట్స్ జావ. కట్టమ్మ ఆ గిన్నెలోకి చూసి, పోస్టర్లు అంటించే మైదా గుర్తొచ్చి కళ్లు మూసుకుంది. ఆ సాయంత్రమే కిటికీ సందులోంచి సదానందం చేత బస్టాండు చికెన్ పకోడీ తెప్పించుకొని, దుప్పటి ముసుగులో నమిలేసింది. ఏ నూనెలో వేయించారోగాని తెల్లారేసరికి కడుపు తిరగబడింది. ఒంటికాలి మీద, కోడలి భుజం పట్టుకొని ఆమె దొడ్లోకి ఎన్నిసార్లు పోయిందో లెక్కే లేదు. ఉమారాణి పల్లెత్తు మాట అనలేదు. అదే కట్టమ్మకు మంట. ఒక మాట అంటే తిరిగి నాలుగు అనొచ్చు. ఆ భాగ్యం కూడా లేకుండా చేసింది.

కడుపు కుదుటపడ్డాక ఆమె మంచం మీంచి గర్జించింది. "పిల్లా, నువ్వు గడ్డే పెట్టు, తింట. కని గడ్డి గూడ వండరాదాయె నీకు! పుంటికూర తే. బొబ్బెర్లు నానవెయ్యి. నువ్వులు ఏంచు, మాడనియ్యకు!"

ఉమారాణి మూతి ముడవలేదు. కొంగు దోపుకొని నిలబడింది. మంచం నుంచి కేకలు, పొయ్యి దగ్గర వంట. బొబ్బెర్లు వేసిన పుల్లటి పుంటికూర, సొరకాయ తురిమి బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి, జొన్నరొట్టెలోకి ఎల్లిపాయ కారం, నువ్వుల పొడి కలిపిన పచ్చిపులుసు. తింటూ తింటూ కట్టమ్మ ఒక్కసారిగా ఆగింది. చిన్నప్పుడు నర్మెట్టలో తన తల్లి పెట్టింది ఇదే. పండుగకో, ఎవరి మేకో కాలు విరిగితేనో తప్ప ఆ ఇంట్లో నీసు ఉడికేది కాదు. నాలుగు పైసలు చేతిలో ఆడాక, ఆ తిండిని పేదరికం కింద లెక్కేసి తానే మరిచిపోయింది. ఆ మాట కోడలితో చెప్పలేదు. "జర ఉప్పు తక్కువైంది" అని మాత్రం అని, ఇంకో రొట్టె అడిగింది.

చాయ్ మాత్రం వదల్లేదు. ఉమారాణి పల్లీల పాలతో కాచి చూసింది. చూడవచ్చిన సదానందం ఒక గుటక వేసి, "అక్కా, గిది చాయా, చట్నీయా?" అన్నాడు. దాంతో కట్టమ్మ పక్కింటి నుంచి పాల చాయ్ తెప్పించుకోసాగింది. ఒకరోజు సదానందం ఎదురుగా కూర్చొని ఉండగా, కప్పు చేతిలో పట్టుకొనే కోడలిని అడిగింది.

"గా బర్రె ఏమాయెనే?"

"ఏ బర్రె అత్తమ్మా?"

"గదేనే. తోలు నాకింది."

"పాలు ఎండినంక కోతకు అమ్మిన్రు."

కట్టమ్మ కప్పును సదానందం చేతిలో పెట్టింది. "నువ్వు తాగు. నీకు సిగ్గు లేదు." మర్నాటి నుంచి ఆమెది అల్లం వేసిన నల్ల చాయ్.

కట్టు విప్పేనాటికి ఒళ్లు తేలికపడింది. మోకాళ్లు అరవడం మానాయి. షుగర్ దిగింది, కొవ్వు తగ్గింది. డాక్టర్ ఆశ్చర్యపోయాడు. "ఏం జేసినవమ్మా?"

"కొత్త పద్ధతి కనిపెట్టిన సారూ. ఈగన్ అంటరు దీన్ని" అంది కట్టమ్మ గర్వంగా. పక్కనే నిలబడ్డ ఉమారాణి పైనున్న ఫ్యాను వైపు చూస్తూ నవ్వు ఆపుకుంది. పాలూ నీసూ రెండూ లేవని తెలిశాక డాక్టర్ బి ట్వెల్వ్ గోలీలు రాసి, మరవొద్దన్నాడు.

మళ్లీ పందిరి తెరిచాక చిక్కు వచ్చింది. "అమ్ముడు వేరు, తినుడు వేరు" అని బోటి పెనం మీద వేసిందిగానీ, ఉప్పు చూసేదెవరు? ఆ బాధ్యత సదానందం మీదేసుకున్నాడు. ఉప్పు సరిగా తెలియడం లేదంటూ సగం పెనం ఖాళీ చేసేవాడు. వారం తిరగకుండా కట్టమ్మ బోటి ఎత్తేసి ఉడికించిన బొబ్బెర గుడాలు, సర్వపిండి, మసాలా దట్టించిన పుట్టగొడుగుల వేపుడు మొదలుపెట్టింది. కొందరు అలిగి అవతలి పెనం దగ్గరికి పోయారు. ఉన్నవాళ్లు మొదట సణిగారు, తర్వాత సర్వపిండి అడుగున మాడిన చెక్కల కోసం కొట్టుకున్నారు.

"మరి కల్లు ఇడువవా అక్కా?" అని సదానందం మెలిక పెట్టాడు.

"కల్లు ఎవ్వల పొదుగుల నుంచి రాలె. చెట్టుది. ఆకుకూర లెక్క."

"అండ్ల ఈగలు పడ్తయి గద?"

"వడగట్టుకొని తాగుత. నీకెందుకు?"

ఎండాకాలం మొదట్లో నర్మెట్టలో ఆమె తమ్ముడు ముత్తయ్య మనవడికి పుట్టువెంట్రుకలు తీశారు. అత్తాకోడళ్లిద్దరూ జనగామ దాకా రైల్లో, అక్కడి నుంచి ఆటోలో చేరుకున్నారు. ముత్తయ్య యాటను కోయించి కూర వండించాడు. పంక్తి కూర్చోగానే మొదటి వడ్డన అక్కకే అంటూ బకెట్ పట్టుకొని తనే వచ్చాడు. కట్టమ్మ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. పంక్తి పంక్తంతా అటే తిరిగింది.

"ఏందక్కా, మతం మారినవా?"

"లేదురా. కూర మారిన."

"నా యాటను తినకపోతే నేను నీ తమ్మున్నే గాదు!" బకెట్ అక్కడే దించి ముత్తయ్య విసురుగా వెళ్లిపోయాడు.

తమ్ముడు అలిగినందుకు ఆమె గుండె కలుక్కుమంది. కానీ కడుపు కూడా కాలుతోంది. లేచి, పెరట్లోకి పోయి, చింతచెట్టుకు లేత చిగురు చూసి కోడలిని పిలిచింది. ఇద్దరూ కోసి, పప్పులో వేసి, ఎల్లిపాయలతో పోపు పెట్టారు. ఆ వాసనకు మొదట ముసలవ్వలు వచ్చారు, పళ్లు లేని నోటికి నీసు పడదని. తర్వాత మరదలు వచ్చింది, ఊరికే చూద్దామని. చివరికి ముత్తయ్య కూడా, ఎవరి వైపూ చూడకుండా, "ఉప్పు సూస్త" అంటూ పళ్లెం చాపాడు. ఉప్పు తెలిసేదాకా మూడుసార్లు పప్పు పోయించుకున్నాడు.

తీరా కట్టమ్మ అన్నం పెట్టుకొని వచ్చేసరికి గిన్నెలో గరిటె తప్ప ఏమీ లేదు.

"యాట సియ్యలు మస్తు మిగిలినయక్కా, ఎయ్యమంటవా?" అన్నాడు ముత్తయ్య, అలక మరిచి ఇకిలిస్తూ.

"నీ కడుపు కాల! అక్క పప్పు మింగి మళ్ల నవ్వుతున్నవా?" అంటూనే ఆమె గిన్నెలో అన్నం వేసి, అడుగంటిన పప్పును వేళ్లతో తుడిచి కలుపుకొంది. ఒక ముద్ద కోడలి చేతిలో పెట్టి, ఒకటి తన నోట్లో వేసుకుంది.