పనసచెట్టుకు పూచీ

ఈ ఉదయం పుత్తూరు వైపు నుంచి వచ్చిన బస్సు కండక్టరు, గోనెసంచిలో కట్టిన పనసకాయ ఒకటి తిరుపతి బస్టాండులో నాకు అప్పగించాడు. ఎలాగో మోసుకొచ్చి వంటింట్లో దించి, కత్తికి నూనె రాసి కోయబోతే తొడిమ దగ్గర తెల్లటి పాలు కారి వేళ్లు అంటుకుపోయాయి. ఆ జిగురు వాసనతో పాటే వడమాలపేటలో మా మేనత్త పెరడూ, అందులో ఆమె చేసిన యుద్ధాలూ గుర్తొచ్చాయి. యుద్ధాలన్న మాట ఊరికే వాడటం లేదు. పత్రికాఫీసులో తల నెరిసినవాణ్ణి, మాటను తూచి వాడటం నాకు అన్నం పెట్టిన అలవాటు.

పెరటితోట మనసుకు ప్రశాంతతనిస్తుందని ఆదివారం పేజీల్లో వ్యాసాలు చాలా దిద్దాను. అవి రాసినవాళ్లెవరూ మా అత్త పెరడు చూసి ఉండరు. వంగమొక్కల మీది పురుగుల్ని చేత్తో ఏరి చెప్పు కింద నలిపేది. పూత నిలవని సొరతీగను చీపురుకట్టతో బాదేది. బొప్పాయి మొండికేస్తే మానులో ఇనుపమేకు దిగేసేది. కోతులొస్తే ఉండేలు తీసేది. ఒకసారి గురితప్పి, మిద్దెమీద వడియాలు ఎండబెట్టుకుంటున్న పక్కింటాయన బట్టతలకు రాయి తగిలింది. ఆయన నెత్తురు తుడుచుకుంటూ వస్తే, "కోతులు తిరిగే పొద్దున మిద్దెమింద నీకేం పనప్పా? నేను నిన్ని సూసి కొట్టినానా, కోతిని సూసి కొట్టినానా?" అని ఆయన మీదే ఎగిరింది. సాయంత్రానికి అరతట్ట బీరకాయలు వాళ్లింటికి పంపింది. ఆ కాయలు కోసేటప్పుడు మాత్రం తీగకు తెలియకుండా కోసేది.

అన్నిటికంటే పెద్ద యుద్ధం కాయని చెట్టుతో. అది మా వైపు పాత ఆచారం. పూచి కాయకపోయినా, అసలు పూయకపోయినా, ఇంటి పెద్ద గొడ్డలి ఎత్తి చెట్టుముందు నిలబడి, "నిన్ని నరికేస్తా. నీకెవురు పూచీ?" అని గట్టిగా అడగాలి. ఇంట్లోవాళ్లు ఒకరు అడ్డమొచ్చి, "నేను పూచీ, వచ్చే ఏడు కాస్తాది, ఇడిసిపెట్టు" అని బతిమాలాలి. అప్పుడు మానుకు నాలుగు గాట్లు పెట్టి వదిలేస్తారు. భయంతో చెట్టు కాస్తుందని నమ్మకం. పూచీ పడినవాళ్లు ఏడాదంతా దానికి కుడితి పోసి సాకాలి. ఎవరూ పలకకపోతే మాత్రం ఎత్తిన గొడ్డలి ఊరికే దించకూడదు. చాలామందికి అదొక ఆట. అత్తకు కాదు. ఒక ఏడు జామచెట్టును అడిగినప్పుడు అందరూ టీవీ ముందు కూర్చుని ఒకరు పలుకుతారులే అని మరొకరు ఊరుకున్నారు. అన్నాలవేళకు జామచెట్టు మొదలంటా కూలిపోయి ఉంది.

అత్తకు ఒక్కడే కొడుకు. పుత్తూరులో లారీల మరమ్మతు షెడ్డులో పని. తాగనప్పుడు హాస్యగాడు, తాగితే చెయ్యి ఊరుకోదు. వాడికి నగరి నుంచి మరమగ్గాలవాళ్ల పిల్లను తెచ్చారు. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి గొంతు పెద్దది. ఆమె కాపురానికొచ్చిన ఏడే అత్త పనసచెట్టు మీద గొడ్డలి ఎత్తింది. "నీకెవురు పూచీ?" అన్న మాట పూర్తికాకముందే కోడలు పరుగెత్తి వచ్చి మానును వాటేసుకుంది. "నేను పూచీ అత్తా! నరికితే ముందు నన్ని నరకల్ల!" అత్త గొడ్డలి దించి, "అంత గెట్టిగా అరస్తావేందే, సెట్టు బెదిరి సస్తాది," అంది. కోడలు ఏడాదంతా బియ్యం కడిగిన నీళ్లు ఆ మొదట్లోనే పోసింది. మరుసటి ఏడు గాట్లు మానిన మచ్చల పక్కనే పిందెలు దిగాయి. ఆ ఏడాదంతా ఆమె గొంతు మాత్రం తగ్గుతూ వచ్చింది. వాడు కొడుతున్నాడని అందరికీ తెలుసు. అత్త రెండుసార్లు చీపురు తిరగేసింది. సొరతీగ విన్నది గాని వాడు వినలేదు.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రం ఆమె పందిరి కింద చిక్కుడుకాయలు కోస్తుంటే వాడు తాగివచ్చాడు. కూర ఇంకా కాలేదన్నందుకు పందిరి గుంజ పెరికి కొట్టాడు. పందిరి కూలింది, ఆమె ముంజేతి ఎముక విరిగింది. కబురొస్తే నేను కారు తీసుకుని వెళ్లాను. మా వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టే. కట్టు కట్టే పెద్దాయన చెయ్యి పట్టుకుని చూసి, "ఎట్ల ఇరిగిందమ్మా?" అన్నాడు. "బావికాడ జారినాను," అంది ఆమె నేల చూస్తూ. ఆయన ఎముక సరిచేస్తుంటే పైటచెంగు నోట్లో కుక్కుకుంది. పసరు మందు పట్టించి వెదురుబద్దలు పెట్టి కట్టాడు. వాళ్లింట్లో బోరే తప్ప బావి లేదు.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లవారి వాడు పనసచెట్టు మొదట్లో బండమీద కూర్చుని, ఏమీ జరగనట్టే కాఫీ తాగుతున్నాడు. అత్త గొడ్డలి పట్టుకుని వచ్చింది.

"ఏమ్మా, కాసే సెట్టునెందుకు కొడతావు?" అన్నాడు వాడు నవ్వుతూ.

"సెట్టును కాదు. అది కాసింది, దానికి పూచీ పడినామె మాట నిలబెట్టింది." గొడ్డలి ఎత్తింది. "నీకెవురు పూచీ రా?"

వాడు పగలబడి నవ్వాడు. "ఇంకెవురు, నా పెండ్లామే. చెప్పు మే! వచ్చే ఏడు బాగా కాస్తాడని చెప్పు!"

కోడలు మెడకు వేలాడే చేత్తో వంటింటి గడపలో నిలబడి ఉంది. పూచీ ఎలా పడాలో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అత్త ఆమె వైపు చూసింది. వాడూ చూశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కాఫీగ్లాసు మాత్రం కింద పెట్టాడు. "మే," అన్నాడు మళ్లీ, ఈసారి చిన్నగా. ఆమె పలకలేదు. నేను "అత్తా!" అని అరిచాను. అది పూచీ మాట కాదు.

అత్త గొడ్డలి తిరగేసి, వెనకవైపుతో వాడి మోకాలికింద కొట్టింది. ఒక్కటే దెబ్బ. వాడి కేకకు పనసచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. వాడి మొహం బూడిదరంగుకు తిరిగింది, కాలు మడవరాని చోట మడతపడింది. అత్త గొడ్డలి చూరులో చెక్కి, చేతులు కడుక్కుని, "కారు తీ నాయనా, ఎండ పడకముందే పోదాం," అంది నాతో.

మళ్లీ పుత్తూరు. అదే అరుగు, అదే పెద్దాయన. కాలు చూశాడు, వరసగా మా అందరి మొహాలూ చూశాడు. "ఎట్ల ఇరిగిందప్పా?" వాడు నోరు తెరిచేలోగా కోడలు ముందుకొచ్చింది. నగరి గొంతు తిరిగొచ్చింది, అరుగు చివరన ఉన్నవాళ్లకు కూడా వినపడింది.

"బావికాడ జారినాడు!"

ఆయన వెదురుబద్దలు ఏరుకుంటూ, "ఆ బావికి గెట్టిగా గట్టు కట్టించండమ్మా," అన్నాడు.

వాడు ఆ తర్వాత ఇంట్లో చెయ్యెత్తలేదు. భయమో బుద్ధో నేను తేల్చలేను. పనసచెట్టు విషయంలోనూ అది తేలలేదు. అత్త పోయాక పెరడంతా వాడే చూస్తున్నాడు, కుంటుకుంటూ. ఈ కాయ వాడు కోసిందే. మధ్యాహ్నం ఫోన్ చేస్తే కోడలు ఎత్తింది. "తియ్యగుండాదా అన్నా?" అని అడిగి, వాన వచ్చేట్టుందని చెప్పింది. నిన్నటి నుంచి ఆమెకు చెయ్యి, వాడికి కాలు లాగుతున్నాయట. బయటికి చూశాను, ఆకాశంలో మబ్బుతునక లేదు. సాయంత్రానికి వాన కురిసింది. కాలం ఎముకనైతే అతికిస్తుంది, వాన కబురు మాత్రం అందరికంటే ముందు అతుకుకే చెబుతుంది.