ఉప్పులాంటి పుస్తకం

మోక ఊరి గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే పద్మనాభప్ప ఎవరి మాటా నమ్మడు. దయ్యాల కథల పుస్తకం తిరిగొచ్చిన ప్రతిసారీ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, తెచ్చినవాళ్ల ముఖంలోకి చూస్తూ "ఎట్లుండాది?" అని అడుగుతాడు. "పిల్లకాయల కథలప్పా, నవ్వొచ్చె" అన్నాడు బస్సు కండక్టరు తిప్పన్న. పద్మనాభప్ప పుస్తకాన్ని తలకిందులు చేసి దులిపితే వేపరెమ్మ రాలింది. తిప్పన్న దాన్ని చూడనట్టే బయటికి నడిచాడు. చప్పగా ఉందన్న ఇంకొకాయన తిరిగిచ్చినప్పుడు పేజీల నిండా విభూతి వాసన. "అందరూ సుళ్లు చెప్తారు, ఒట్టి అబద్ధాలు. భయపడితినని ఒక్కడన్నా ఒప్పుకుంటాడా?" అని గొణుక్కుంటూ పద్మనాభప్ప అట్టను పైపంచెతో తుడుస్తాడు.

నిన్న మధ్యాహ్నం రవికలు కుట్టే ఓబులమ్మ ఆ పుస్తకం తెచ్చి, ఆయన అడగకముందే "శానా భయమాయప్పా. బావికాడికి ఒంటిగా పోలేకపోతి" అంది. పద్మనాభప్పకు అనుమానం ఇంకా పెరిగింది. పుస్తకం దులిపాడు, ఏమీ రాలలేదు. పేజీలు వాసన చూశాడు, ఏ వాసనా లేదు. "ఇంగోసారి చదువుతా, ఇయ్యప్పా" అని ఓబులమ్మ చెయ్యి చాపింది. ఆయన పుస్తకాన్ని బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఓబులమ్మ చాపిన చెయ్యి అట్లాగే ఉంచింది.

"అన్ని పుస్తకాలూ చేతికిస్తావు. దీన్నొకదాన్నే ఉప్పు మాదిరి కింద పెడతాండావే? నువ్వూ చదివితివా?"

"చదివితి."

"ఎట్లుండాది?"

పద్మనాభప్ప నుదుటి మీది కళ్లద్దాలు దించుకుని కిటికీ వైపు తిరిగాడు.

"పిల్లకాయల కథలమ్మా. నవ్వొచ్చె."