బుధవారం కూటంలో నేను చేసిన ప్రార్థన

తొమ్మిదేళ్ల కిందట నేనొక ప్రార్థన చేశాను. అప్పటి నుంచి దాన్ని మోస్తున్నాను. నా భర్తకు చెప్పలేదు. మా పాస్టరు అయ్యగారికి చెప్పలేదు. దేవుడికి చెప్పానా అంటే, ఆయనకు కొత్తగా చెప్పేదేముంది, ఆ ప్రార్థన విన్నదే ఆయన. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే ధైర్యం చేస్తున్నాను.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు అంటారా? వచ్చే శనివారం సాయంత్రం మా చర్చి స్త్రీల సమాజంలో నేను మాట్లాడాలి. ‘రోజువారీ జీవితంలో ఆరాధన’ అనే అంశం అయ్యగారే ఇచ్చారు. నాకన్నా బాగా ఎవరూ చెప్పలేరట. రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నదాన్ని, నోట్సు లేకుండా ఎక్కడా నోరు విప్పను. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి వాక్యం సులువుగానే వచ్చింది. ఆరాధన అంటే ఆదివారం పాడే పాట ఒక్కటే కాదు, అంట్లు తోమడం కూడా ఆరాధనే. ఇది అందరూ చెప్పేదే, నేనూ చాలాసార్లు చెప్పాను. రెండో వాక్యం దగ్గర ఎస్తేరు గుర్తొచ్చింది. ఇక పెన్ను కదల్లేదు.

మా చర్చి నాచారంలో, ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన రేకుల హాలు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన మాలాంటి కుటుంబాలు కొన్ని, ఇక్కడివాళ్లు కొందరు. అక్కడ ఆరాధనలో మొదటి పాట ఎత్తుకునేది నేనే. ఆ ప్రార్థన నాటికి పదకొండేళ్లుగా నేనే. మొదటి పాట అంటే ఏముంది, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా అని పైకి అనేదాన్ని. లోపల మాత్రం అది నా కుర్చీ. నేను చెయ్యెత్తితే హాలంతా లేచేది. అది దేవుడి కోసం లేచిందా, నా గొంతుకు లేచిందా అని అప్పుడు నన్ను నేను అడగలేదు. అడగాల్సింది.

ఎస్తేరు నాచారంలోనే ఒక రెడీమేడ్ బట్టల కంపెనీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. చదువు పెద్దగా లేదు. పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది గానీ చూసేది కాదు, అన్నీ నోటికొచ్చు. పాటలు ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను. మిషన్ మీదనే అంది. నలభై మిషన్లు ఒక్కసారి నడుస్తుంటే తన పాట తనకే వినపడదట, పక్కామెకూ వినపడదట, అందుకని భయం లేకుండా గొంతెత్తి పాడుకుంటుందట. ఇక వినేది దేవుడొక్కడేనని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఈ కాగితం మీద రాయాల్సిన ప్రసంగం మొత్తం ఆ రోజు ఆమె చెప్పేసింది. నాకు అర్థం కాలేదు. అర్థమయ్యే ఉంటుంది. నచ్చలేదు.

ఒక ఆదివారం అయ్యగారు, వచ్చే నెల నుంచి మొదటి పాట ఎస్తేరు ఎత్తుకుంటుంది, మీరు కాస్త విశ్రాంతి తీసుకోండమ్మా అన్నారు. దేవునికి స్తోత్రం అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఇంటికెళ్లి పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. మా ఆయన నోట్లో పెట్టుకుని నా ముఖం చూసి, మజ్జిగ పోసుకున్నాడు.

ఆ మరుసటి ఆదివారమే, చర్చి అయ్యాక ఉప్పల్ వచ్చే షేర్ ఆటోలో ఎస్తేరు నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. నా చెవిలో చెప్పింది. భర్త షోలాపూర్ పనికి పోయాడని అందరికీ చెబుతోంది కదా, అది అబద్ధమట. కల్లు కాంపౌండ్‌లో గొడవపడి ఒకతని తల పగలగొట్టాడట. రెండు నెలలుగా జైల్లో ఉన్నాడు. శుక్రవారం బెయిలు మాట వస్తుందట. ప్రార్థన చెయ్యమంది. ఎవ్వరికీ చెప్పొద్దంది, ముఖ్యంగా ఇంటి ఓనరమ్మకు. ఆరో తరగతి చదివే కూతురికి కూడా తెలియదట. నా చెయ్యి పట్టుకునే ఉంది ఉప్పల్ వచ్చేదాకా.

మాకు బుధవారం సాయంత్రాలు ఇళ్లలో ప్రార్థన కూటం ఉంటుంది. ఆ వారం కూటం ఎస్తేరు వాళ్ల ఓనరమ్మ ఇంట్లోనే. ఆమెదీ మా చర్చే. ముందు హాల్లో చాపలు పరిచింది, వెనక గదిలో ఎస్తేరు అద్దెకు ఉండేది. పాటలయ్యాయి, వాక్యం అయింది. ముగింపు ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. కళ్లు మూసుకున్నాను.

మా కూటాలు తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఒకరు పైకి ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్లు ఆపరు. మధ్యలో అందుకోరు, కాదనరు. ఆ మాటలు దేవుడితో అంటున్నవి కాబట్టి మనిషి అడ్డం రాకూడదు. వదినతో అంటే చాడీ అయ్యే మాట, కళ్లు మూసుకుని దేవుడితో అంటే ఎదుటివాళ్ల కోసం మోసే భారం అవుతుంది. ఇది మా అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. నేనూ ఆ రోజు దాకా చిన్నచిన్నవి అలా అన్నదాన్నే.

దేశం కోసం చేశాను. రోగుల కోసం చేశాను. పరీక్షలు రాసే పిల్లల కోసం చేశాను. తర్వాత, “ప్రభువా, కటకటాల వెనక ఉన్న నీ కుమారుణ్ణి జ్ఞాపకం చేసుకో” అన్నాను. పేరు చెప్పలేదు. అక్కడ ఆగి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆ క్షణంలో కళ్లు తెరిచాను. ఎందుకు తెరిచానో నాకు తెలుసు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఎస్తేరు ఒక్కతే కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. వద్దని తల కూడా ఊపలేదు పాపం, ఊపితే పక్కవాళ్లకు తెలుస్తుందని. కళ్లతోనే బతిమాలింది. నేను మళ్లీ కళ్లు మూసుకుని, “మా చెల్లెలు ఎస్తేరు కన్నీళ్లు తుడువు తండ్రీ, శుక్రవారం ఆమె భర్తకు బెయిలు దయచెయ్యి” అన్నాను. నా గొంతు వణికింది. నిజంగానే వణికింది. అందరిలోకి గట్టిగా ఆమెన్ అన్నది ఓనరమ్మే.

ఆ శుక్రవారం బెయిలు రాలేదు. నెల తిరక్కముందే ఓనరమ్మ, మా చిన్నాడి పెళ్లికి గది కావాలని చెప్పింది. ఆ చిన్నాడికి ఇప్పటికీ పెళ్లి కాలేదు. పక్కింటి పిల్లలు ఎస్తేరు కూతురితో ఆడుకోవడం మానేశారు. వాళ్ల నాన్న సంగతి ఆ పిల్లకు మొదట చెప్పింది తల్లి కాదు, ఆ పిల్లలే. ఎస్తేరు బోడుప్పల్ వైపు ఎక్కడో గది చూసుకుని వెళ్లిపోయింది. చర్చికి రావడం మానేసింది. మొదటి పాట నా దగ్గరకే తిరిగొచ్చింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

వెళ్లిపోయే ముందు ఆమె మా ఇంటికి వచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని బడి పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్నాను. లోపలికి రమ్మన్నా రాలేదు.

“అక్కా, ఒక్క మాట అడుగుత. నోరు జారిందా, కావాల్నని జేసినవా? జారితె మరిసిపోత. కావాల్నని జేసినా మరిసిపోత, జర టైం పడ్తది గంతే. ఏదో ఒకటి జెప్పు.”

ఎంత తేలిక చేసి అడిగిందో చూడండి. రెండింట్లో దేనికైనా క్షమించడానికి సిద్ధపడే వచ్చింది. నేను ఎర్ర పెన్ను మూత పెట్టి, ఆమె ముఖం చూడకుండా, “నాదేం లేదు ఎస్తేరూ, పరిశుద్ధాత్మ అలా నడిపించాడు” అన్నాను.

ఆమె గుమ్మం ముందు నుంచి వెనక్కి జరిగింది.

“గట్లనా అక్కా. నీ మీద కోపమైతె ఎన్నడో ఒకనాడు పోతుండె. మరి గిప్పుడు దేవుని మీద కోపం జేసుకోవాలె. అదెట్ల జేసుకుంటరో నాకు రాదు.”

అంతే. వెళ్లిపోయింది. రహస్యం బయటపెట్టడం ఒక తప్పు. దాన్ని అసూయ అనుకోవచ్చు, నోటి దురద అనుకోవచ్చు, లోకంలో ఎంతమంది చెయ్యడం లేదు అని సర్దిచెప్పుకోవచ్చు. ఈ రెండోదాన్ని ఏమని సర్దిచెప్పుకోను? నా తప్పును తీసుకెళ్లి దేవుడి నెత్తిన పెట్టాను. ఆమెకు మిగిలిన ఒక్క తోడును కూడా ఆమె నుంచి విడదీశాను. జైల్లో భర్త, కూతురి కళ్లలో ప్రశ్న, చేతిలో సామాను మూటలు. అప్పుడు ఆమెకు దేవుడు కావాలి కదా. ఆయన్నే ఆమె మీదకు ఉసిగొల్పినట్టు చెప్పాను.

ఆ రోజు నుంచి నేను పైకి ప్రార్థన చెయ్యలేదు. ఎవరైనా చెయ్యమంటే గొంతు బాగాలేదంటాను. గొంతు బాగాలేనిదాన్ని పాటలెలా పాడతానని ఒక్కరూ అడగలేదు. పాట ఎవరో రాసిన మాటలు, నోటికి అడ్డు పడవు. ప్రార్థన నా సొంత మాటలు. నా మౌనం చూసి లోతైన భక్తి అనుకుంటున్నారు. ఈ ప్రసంగం నాకిచ్చింది కూడా అందుకే.

పోయిన వారం నాచారంలో బ్లౌజు కుట్టించుకుందామని ఒక సందులోకి వెళ్తే, ఆ కొట్లో మిషన్ ముందు ఎస్తేరు ఉంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. సొంత కొట్టు పెట్టుకుని మూడేళ్లయిందట. భర్త ఆ తర్వాత బయటికొచ్చి ఆటో నడుపుకుంటున్నాడట, కూతురు డిగ్రీ చదువుతోందట. కొలతలు తీసుకుంది. నా చేతి సంచి తెగి ఉంటే అడక్కుండానే రెండు కుట్లు వేసి ఇచ్చింది. చర్చి మాట నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. అరగంట కూర్చున్నాను, చెబుదామనే కూర్చున్నాను. ముందు కొలతలయ్యాక అనుకున్నాను, తర్వాత గిరాకీ పోయాక అనుకున్నాను. గిరాకీ పోయింది. ఆమె కుట్టుకుంటోంది. ఇప్పుడు నలభై మిషన్ల చప్పుడు లేదు. ఒక్కటే మిషన్, అదీ ఆగి ఆగి నడుస్తోంది. చెవులు రిక్కించి విన్నాను. పాట లేదు. చిన్న కూనిరాగం కూడా లేదు. శనివారం వచ్చి బ్లౌజు తీసుకెళ్లమంది. సరేనని లేచి వచ్చేశాను.

శనివారమే ప్రసంగం. అంట్లు తోమడం, కాలర్లు కుట్టడం, పిల్లల నోటుబుక్కులు దిద్దడం ఇవన్నీ ఆరాధనే అని నేను చెప్పాలి. నమ్ముతాను కూడా. కానీ మన రోజంతా ఆయన ముందుకు వెళ్లేదే అయితే, ఆ రోజులో ఉన్న ఓర్వలేనితనం ఎక్కడికి వెళ్తుంది? ఎస్తేరును వేలెత్తి చూపించినట్టు చేసిన ఆ ప్రార్థన కూడా ఆయన ముందుకే వెళ్లింది కదా? ఈ ముక్క ఆ హాల్లో చెప్పగలనా? అంతకన్నా ముందు కొట్లో, బ్లౌజు చేతికందుకుంటూ చెప్పగలనా? చెబితే ఆమె ఏమంటుందో తెలియదు. అప్పుడు క్షమిస్తానన్నది, నిజమే. అప్పటి మాటకు ఇప్పుడు ఆమెను కట్టేయడానికి నేనెవరిని? నాకు భయంగా ఉంది. ఆమె పాట మళ్లీ వస్తుందన్న ఆశతో చెబుతున్నానా, నా నిద్ర కోసం చెబుతున్నానా, అదీ తేలడం లేదు.

తేలినా తేలకపోయినా, ఆమె అడిగిన మాటకు జవాబు నేను బాకీ. ప్రసంగం కాగితం మీద, ఆ మొదటి వాక్యం కిందే రాశాను. ఎస్తేరూ, నోరు జారలేదు. నీ పాట ఓర్వలేక, కళ్లు తెరిచి నిన్ను చూసి మరీ, కావాలనే చేశాను. దేవుడికి దాంతో ఏ సంబంధమూ లేదు.

రాసి, గదిలో ఎవరూ లేకుండా చూసుకుని, దాన్ని పైకి చదివాను. తొమ్మిదేళ్లలో ఆయన ముందు నా సొంత మాట నేను పైకి అనడం ఇదే మొదటిసారి.