సాక్షి సంతకం

నిన్న కొరియర్ తెచ్చిన మనిషి గేటు గొళ్లెం గట్టిగా కొట్టాడు. ఇన్నేళ్లయినా ఆ చప్పుడుకు నా గుండె ఝల్లుమంటుంది. వెంటనే రజియా ఆపా గుర్తొస్తుంది. మౌలాలిలో మా పక్కింటావిడ. మారేడ్‌పల్లిలో ఒక వకీలు దగ్గర ముప్పై ఏళ్లు టైపు కొట్టింది. ఎవరు ఏ కాగితం తెచ్చినా కింది వరుసలు ముందు చదివేది. అది చూసి నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

మా నాన్న ఆటో నడిపేవాడు. స్నేహితుడు ఫైనాన్స్ కంపెనీలో అప్పు తీసుకుంటే సాక్షి సంతకం పెట్టాడు. ఆ స్నేహితుడు వాయిదాలు ఎగ్గొట్టి ఊరు వదిలిపోయాడు. ఒకరోజు పొద్దున ఆరున్నరకే వసూలు మనుషులిద్దరు వచ్చి మా గొళ్లెం బాదారు. "జమానత్ పడ్డవ్, హామీ ఉన్నవ్, కట్టు. లేకుంటే ఆటో గుంజుకపోతం, పోలీసులొస్తరు" అని వాడకట్టంతా వినేలా అరిచారు. నాన్న తల ఎత్తలేదు. ఆటో పోతే మాకు తిండి లేదు. అప్పుడు పొట్టివాడు గొంతు తగ్గించి ఒక కాగితం చాపాడు.

"పరేషాన్ గాకు అన్నా. మేమొచ్చిపోయినట్టు గీడ ఒక్క సంతకం పెట్టు, పోతం."

వాళ్లు పోతే చాలనిపించింది నాకు. డిగ్రీ చదువుతున్నదాన్ని, అందులో ఒక్క ముక్క చదవలేదు. "పెట్టెయ్ నాన్నా" అని నా పెన్నే ఆయన చేతికిచ్చాను.

"ఆగు భాయ్!" గోడ అవతలి నుంచి అంతా చూసిన ఆపా తడి చేతులతోనే వచ్చి కాగితం లాక్కుంది. "వచ్చిపోయినట్టు గాదు గిది. ఇయ్యాల్టి సంది ఈ బాకీ నాదే అని రాసిండ్రు. సాక్షి అంటే సూసినోడు, కట్టేటోడు గాదు. ఏదీ, మీ ఐడీ కార్డులు తియ్యుండ్రి. కంపెనీ ఇచ్చిన లెటర్ తియ్యుండ్రి. ఎనిమిది గాక ముందు ఇంటి మీదికి రావొద్దని రూలుంది, ఎరికేనా?"

"నీకెందుకే ముసల్దానా!" అని పొడుగువాడు మీదికొచ్చాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆపా మాత్రం కదలలేదు.

"బిడ్డా, రాస్కో. టైము, బండి నంబరు, గిప్పుడన్న మాట సుత."

నాన్న చేతిలోని పెన్ను తీసుకుని రాశాను. రాస్తున్నకొద్దీ వాళ్ల గొంతు తగ్గింది. నంబరు రాసేలోపే బండి తీశారు. ఆపా ఆ రోజే ఆ కంపెనీకి ఫిర్యాదు టైపు చేసి పంపింది. మళ్లీ ఎవరూ రాలేదు.

నాన్నకు పెన్ను ఎవరిచ్చారో ఆపా కళ్లారా చూసింది. బతికున్నన్నాళ్లూ ఆ మాట ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. ఇప్పుడు నేను ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో పని చేస్తున్నాను. "చదవకుండ సంతకం పెట్టేసిన మేడమ్" అని ఏడుస్తూ వస్తారు. ఎందుకు పెట్టావని నేను ఎవరినీ అడగను.